నాలుగు జీబీ సంసారం

ఈ నెల ఉత్తరాల్లో ముక్కాలు మువ్వీసం చౌక ల్యాప్‌టాప్‌ల గురించే. కాలేజీలు తెరిచినారు కాబట్టి అది మామూలే. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నా రిపేరీ అంగడికి ఇప్పుడు వస్తున్నవీ అవే. నాలుగు ఉత్తరాలు ఏరుకున్నాను.

ప్రశ్న: అన్నా, మా పాప అనంతపురంలో బీకామ్ కంప్యూటర్స్ చదువుతోంది. పండగ ఆఫర్లో ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వేలకు ల్యాప్‌టాప్ తెప్పించినాం. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, విండోస్ 11 అని డబ్బా మీద ఉంది. ఏడాది తిరక్కముందే జాగా లేదంటోంది. అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది. కాలేజీలో చెప్పిన ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు. పక్కింటి పిల్లోడు ర్యామ్ పెంచితే సరిపోతుందంటున్నాడు. దుడ్లు దండగైనట్టేనా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: దండగ కాలేదక్కా. కానీ ఆ పిల్లోని మాట విని ర్యామ్ మాత్రం కొనొద్దు. అది పెట్టడానికి లోపల చోటుందో లేదో ముందు చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ. కింద చిన్న అక్షరాల్లో ఫామ్ ఫ్యాక్టర్ అని ఒక వరస ఉంటుంది. దాని ఎదురుగా ఎస్ఓడిమ్ అని ఉంటే ఊడదీసి మార్చుకునే రకం. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే, ర్యామ్‌ను బోర్డు మీద పచ్చబొట్టు పొడిచినట్టు అతికించి పంపినారని అర్థం. మీరు పెట్టిన ధరకు వచ్చేవి చాలావరకు ఈ రెండో రకమే.

64 జీబీ సంగతీ అంతే. అది ఈఎంఎంసీ. ఫోన్లలో, ట్యాబుల్లో వాడే సరుకు. అదీ బోర్డుకే అతుక్కుని ఉంటుంది. పైగా కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది. కాబట్టి డబ్బా మీద 64 అయినా తెర మీద 59 కంటే కొంచెం పైన చూపిస్తుంది. అందులో విండోస్ సగం దాకా ఆక్రమించుకుంటుంది. మిగిలినదాంట్లో పాప చదువు, వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి వీడియోలు, అప్‌డేట్‌కు కావలసిన ఖాళీ అన్నీ సర్దుకోవాలి. అసలు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అనేవి విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దులు. మీ మిషను ఆ గీత మీద కాలు పెట్టి నిలబడి ఉంది. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. పాత విండోస్ తాలూకు మిగులు, అప్‌డేట్ చెత్త అక్కడ కుప్పగా ఉంటాయి. డౌన్‌లోడ్స్ అనే గడికి మాత్రం టిక్ పెట్టేముందు పాపను అడగండి, నోట్సు అందులోనే పెట్టుకుని ఉంటుంది. తర్వాత మిషను పక్కన చూడండి, మైక్రో ఎస్‌డీ కార్డు దూర్చే సందు చాలావాటికి ఉంటుంది. 128 జీబీ కార్డు ఒకటి వేసి పాఠాల వీడియోలు, ఫొటోలు దాంట్లోకి తరలించండి. కార్డు ఎప్పుడైనా చచ్చిపోవచ్చు కాబట్టి ముఖ్యమైనవి ఇంకోచోట కూడా ఉండాలి. పెద్ద అప్‌డేట్ వచ్చి జాగా చాలలేదంటే, ఖాళీ పెన్ డ్రైవ్ పెట్టి దాన్ని వాడుకోమని చెప్పే వెసులుబాటు విండోస్‌లోనే ఉంది.

ట్యాలీ ఎక్కకపోవడానికి జాగా కారణం కాకపోవచ్చు. ఇలాంటి చౌక మిషన్లు కొన్ని ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికేవి తప్ప ఇంకేవీ ఎక్కవు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర చూడండి. ఎస్ మోడ్ అని ఉంటే అక్కడినుంచే స్టోర్‌లోకి వెళ్ళి బయటికి రావచ్చు. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మొన్న ఇదే పనికి ఎవరో ఎనిమిది వందలు తీసుకున్నారని ఒకామె వచ్చి చెప్పింది, కడుపు మండింది. ఒకసారి బయటికి వస్తే మళ్ళీ లోపలికి పోలేరు. పోవాల్సిన పనీ లేదు.

ఇక రోజూ ఎట్లా గడపాలంటే, ఒక పూట ఒక పని. ట్యాలీ ఒక్కటే తెరిస్తే బాగానే నడుస్తుంది. ఎక్సెల్ ఒక్కటే అయినా నడుస్తుంది. ఆన్‌లైన్ క్లాసు వింటూ, పక్కన క్రోమ్‌లో పదిహేను ట్యాబులు తెరిచి, వెనకాల పాటలు పెడితే మొరాయిస్తుంది. మిషనుతో పాటు ఉచితంగా వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ తీసేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. టాస్క్ మేనేజర్లో స్టార్టప్ అని ఇంకో వరస ఉంటుంది. పొద్దున్నే తమంతట తామే లేచి కూర్చునేవన్నీ అక్కడ కనబడతాయి. పాపకు అక్కర్లేనివి డిజేబుల్ చేయమనండి. ఇట్లా వాడుకుంటే డిగ్రీ గట్టెక్కుతుంది. ఎంబీఏకు వెళ్తే అప్పుడు వేరే మిషను చూద్దాం.

ప్రశ్న: అన్నా, మాది కదిరి. ఈ ఏడు అనంతపురంలో బీటెక్ సీఎస్ఈలో చేరినాను. నాన్న ముప్పై వేలు మించి పెట్టలేనన్నాడు. ఒక అంగట్లో ఐ3, టచ్ స్క్రీన్, సన్నగా ఉంటుందని కొత్తది చూపించినారు. ఇంకోచోట కంపెనీల్లో వాడిన ఐ5 పాతది తక్కువకే ఇస్తామన్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, టచ్ స్క్రీన్ మాట మరచిపో. ఐ3 అనే ప్రాసెసర్ స్టిక్కర్ని కూడా నమ్మొద్దు, దాని వెనకాల అంకెలు అడుగు. ఐ3-1115జీ4లో ఉండేది రెండే కోర్లు, అంటే పనిచేసే బుర్రలు. ఐ3-1215యూలో ఆరు. స్టిక్కర్ రెండింటికీ ఒకటే. సెలెరాన్, పెంటియం అనే పేర్లను 2023 నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకు ఇంటెల్ ఎత్తేసి ఉత్త ఇంటెల్ ప్రాసెసర్ అని రాస్తోంది. వినడానికి గొప్పగా ఉంటుంది. పాత సెలెరాన్ ఎన్4020 అయితే రెండు కోర్లు, కొత్త ఎన్100 అయితే నాలుగు.

కొత్తదయినా పాతదయినా నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: రేపు దీంట్లో ఇంకేం వేసుకోవచ్చు? ఇప్పుడు 8 జీబీ ఉండి, ఇంకో ర్యామ్‌కు స్లాట్ ఖాళీగా ఉండి, ఫైళ్ళు దాచే ఎస్‌ఎస్‌డీ మార్చుకునే వీలుంటే ఆ మిషను నాలుగేళ్ళూ నీతో వస్తుంది. సీ, పైథాన్, జావాకు 8 జీబీ చాలు. మూడో ఏడు ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచినప్పుడు ఆ ఖాళీ స్లాట్ విలువ తెలుస్తుంది. తెర 1920 బై 1080 ఉండేట్టు చూసుకో. 1366 బై 768 తెర మీద కోడు నాలుగు వరసలు చదవడానికి పైకీ కిందికీ జరుపుతూ కూర్చోవాలి.

అందుకే నా ఓటు కంపెనీల్లో వాడిన ఐ5కే. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ రకాలు చూడు. ఎనిమిదో తరం ప్రాసెసర్ కంటే పాతది వద్దు, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అంగట్లోనే ఆపి ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్ళి చూడు. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టి వచ్చేయ్, ఎంత చౌకైనా సరే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొట్టు (powercfg /batteryreport). ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమను. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మా అబ్బాయి 2015లో కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది. ఐ3 ఐదో తరం, 4 జీబీ, హార్డ్ డిస్కు. ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా తెర నిలకడగా రాదు. అను స్క్రిప్ట్‌లో, పేజ్‌మేకర్‌లో శతకాలకు వ్యాఖ్యానాలు టైపు చేసుకుంటాను. విండోస్ 10కు కాలం చెల్లిందని, కొత్తది కొనాలని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యవారూ, కాలం చెల్లిన మాట నిజం. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయినాయి. ఇళ్ళల్లో వాడేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. మీ మిషనుకు విండోస్ 11 అర్హత లేదు. అయినా కొత్తది కొననక్కర్లేదు.

మీ కాఫీ చల్లారడానికి కారణం హార్డ్ డిస్కు. లోపల పళ్ళెం తిరుగుతూ, దాని మీద ఒక ముల్లు ప్రతి ఫైలు కోసం అటూ ఇటూ కదలాలి. దాన్ని తీసి రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ బిగించమనండి. పాత డిస్కు పారేయకండి, యూఎస్‌బీ పెట్టెలో వేసుకుంటే ఫైళ్ళు దాచుకోవడానికి పనికొస్తుంది. ర్యామ్ ఇంకో 4 జీబీ వేయించేట్టయితే డీడీఆర్3ఎల్ అని ఉందో లేదో చూడండి. చివర ఎల్ లేనిది ఇస్తే తీసుకోవద్దు.

అను, పేజ్‌మేకర్ కోసం విండోస్ 10నే ఉంచుకోండి. కానీ ఆ మిషనుకు నెట్ పెట్టొద్దు. ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళి డీటీపీవాళ్ళకిస్తే చాలు. బ్యాంకు పనులు ఫోన్లో చూసుకోండి. నెట్ కూడా కావాలంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ పక్కనే ఎక్కించుకోవచ్చు, దానికి ఈ మిషను బరువేమీ కాదు.

ఇంకో మాట, అడగకపోయినా చెప్తున్నాను. అను అక్షరాలు ఆ ఫాంటు ఉన్న మిషన్లోనే తెలుగుగా కనబడతాయి, లేనిచోట పిచ్చి గీతలే. మీ వ్యాఖ్యానాలు మనవళ్ళు చదవాలంటే ఏ మిషన్లోనైనా కనబడే యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులు సరిగా వచ్చినాయో లేదో మీరే దిద్దుకోండి. పీడీఎఫ్ కూడా ఒకటి తీసి పెట్టుకోండి.

ప్రశ్న: కడపలో మాకు మందుల షాపుంది. బిల్లింగుకు చిన్న ల్యాప్‌టాప్ వాడుతున్నాం, పొద్దున్నుంచి రాత్రి దాకా చార్జర్ పెట్టే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం బాగా నెమ్మదిస్తుంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచి, నొక్కితే క్లిక్ కావడం లేదు. అక్కడ స్క్రూ బిగిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: స్క్రూ కాదు సార్, లోపల బ్యాటరీ ఉబ్బింది. ఇది చదివిన వెంటనే బిల్లుల ఫైలు పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని, మిషను ఆపి, చార్జర్ పీకేయండి. పైనుంచి ఒత్తి కూర్చోబెట్టొద్దు. సూదితో పొడిచి గాలి తీయొద్దు, మంట లేస్తుంది. రిపేరీవాళ్ళ దగ్గర తీయించి, చెత్తబుట్టలో వేయకుండా వాళ్ళకే అప్పజెప్పండి. కొత్త బ్యాటరీ పాతదాని మీద లేబులులో ఉన్న పార్ట్ నంబరుకు సరిపోవాలి.

ఎప్పుడూ వంద శాతం నిండి ఉండడం, దానికి తోడు మీ కడప ఎండ, ఈ రెండూ కలిస్తే లిథియం బ్యాటరీకి ఆయుష్షు తగ్గుతుంది. కొత్తది వేసినాక మీ కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు ఉందేమో వెతకండి, చాలావాటిలో ఉంటుంది. మధ్యాహ్నం నెమ్మదించడం మాత్రం జబ్బు కాదు, చిప్పు కాలిపోకుండా తనకు తానే వేగం తగ్గించుకుంటోంది. కౌంటరు మీద రెక్జిన్ గుడ్డ తీసేసి వట్టి బండ మీద పెట్టండి, కడపలో ఉండి బండకు కరువా! అడుగున గాలి సందులు మూసుకుపోకూడదు. ఫ్యాను ఉన్న రకమైతే ఏడాదికోసారి దుమ్ము దులిపించండి.

బ్యాటరీ వచ్చేదాకా ఉత్త చార్జరుతో నడుస్తుందేమో రిపేరీ అబ్బాయిని అడగండి, చాలా మిషన్లు నడుస్తాయి. అప్పుడు కరెంటు పోతే బిల్లు మధ్యలో ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గుకే పెట్టండి.