మా ఇద్దరికీ లేని వర్ణాంధత్వం బాబుకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

“మా ఆవిడకీ నాకూ రంగులు బాగానే తెలుస్తాయి, బాబుకి మాత్రం ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియట్లేదు, ఇదెలా?” అని అడిగారు. వాళ్ళమ్మ నుంచి వచ్చింది. ఇంత ఖరాఖండిగా ఎందుకంటున్నానంటే, నేనూ ఆ బాపతే.

మూడో తరగతిలో చెట్టు బొమ్మకి రంగులేశాను. ఆకులన్నీ గోధుమరంగు, మాను ఆకుపచ్చ. పెన్సిళ్ళ మీద పేర్లు అరిగిపోయాయి మరి, పేరు చదివితేగానీ ఏది ఏదో నాకు తెలిసేది కాదు. కావాలని వెక్కిరించానని టీచర్ ఆ కాగితం ఇంటికి పంపింది. నాన్న చెవి మెలేశారు. “మా వంశంలో ఇలాంటివి లేవమ్మా” అంటూ నానమ్మ అమ్మ వంక చూసింది. అప్పుడే వచ్చిన అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, కళ్ళజోడు సర్దుకుని బొమ్మని దగ్గరగా పట్టుకుని చూసి, “చెట్టు బాగానే ఉందిగా, వాణ్ణెందుకు తిడతారు?” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. డెబ్బై ఏళ్ళకి ఆయన సంగతీ అలా బయటపడింది.

నానమ్మ మాట నిజమే, అమ్మని తప్పుపట్టిన ఆ చూపే తప్పు. ఈ లోపం తెచ్చే జన్యువు ఎక్స్ అనే క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు, మగవాళ్ళకి ఒక ఎక్స్, ఒక వై. కొడుక్కి తండ్రి వై ఇస్తాడు, ఎక్స్ తల్లే ఇవ్వాలి. తాతయ్యకి ఉన్నదొక్కటే ఎక్స్, అమ్మకి అదే ఇచ్చారు. అమ్మకి ఇంకో మంచి ఎక్స్ ఉంది కాబట్టి లోపం పైకి తేలలేదు. నాకు తాతయ్యది దక్కింది, తమ్ముడికి మంచిది దక్కింది. అలాగని “పెద్దాడికి వచ్చేసింది, రెండోవాడికి రాదు” అనేవాళ్ళ మాట నమ్మకండి. ప్రతి కాన్పుకీ బొమ్మాబొరుసూ కొత్తగా వేయాల్సిందే. నా విషయానికొస్తే, మా అబ్బాయికి ఇది నా నుంచి రాదు. మా అమ్మాయి మాత్రం మోసుకు తిరుగుతుంది, అందులో సందేహం లేదు.

తరం దాటి తేలడం, వంశపారంపర్యం మీద ప్రయోగాలు చేసిన మెండెల్ బఠానీల్లోనే చూశాడు. పసుపు గింజల రకాన్నీ ఆకుపచ్చ గింజల రకాన్నీ కలిపితే మొదటి తరం అంతా పసుపే. ఆ మొక్కల్ని వాటంతట వాటినే కాయనిస్తే 6,022 పసుపు గింజలు, 2,001 ఆకుపచ్చవి. నేనైతే ఆ గింజలు ఏరలేక అక్కడే ఆగిపోయేవాణ్ణి! 1866లో అచ్చయిన ఆ పనిని 1900 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మనవాళ్ళు ఇప్పటికీ సరిగ్గా చెప్పరు. బడిలో నాలుకని గొట్టంలా చుట్టమని, చుట్టగలిగితే బహిర్గత జన్యువని, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి తేలేదని చెప్పేవారు. అచ్చంగా ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరు చుట్టి ఇంకొకరు చుట్టలేకపోతున్నారని 1952లోనే తేలింది. ఇంకో తలనొప్పి, బహిర్గతం అంటే జనంలో ఎక్కువమందికి ఉండేదని అనుకోవడం. ‘ఓ’ గ్రూపు రక్తం అంతర్గత లక్షణం, అంటే ఇద్దరి నుంచీ వస్తేనే పైకి తేలేది, అయినా ప్రపంచంలో ఎక్కువమందిది అదే.

మీ మామగారికి ఒకసారి బాబు వేసిన బొమ్మ చూపించండి. ఆయనకి తేడా తెలిస్తే మీ అత్తగారి వైపు నుంచి దిగి ఉండొచ్చు. ఈలోపు పెన్సిళ్ళ మీద పేర్లు చెరిగిపోకుండా టేపు అంటించండి.