జూలో తీసిన ఫొటోలను క్రాప్ చేసి ఎంతవరకు బాగుచేయవచ్చు?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నెహ్రూ జూలో తీసిన ఫొటోల్లో జంతువు చిన్నగా పడుతోంది, చుట్టూ గోడలు, కంచెలు, జనం వచ్చేస్తున్నారు. క్రాప్ చేస్తే, అంటే అంచులు కోసేస్తే సరిపోతుందా, లేక పెద్ద లెన్స్ కొనాలా? ఒక ఫొటోను 12×8 సైజులో ప్రింట్ కూడా వేయించుకోవాలి.

లెన్స్ ఇప్పుడే కొనకండి. మీ దగ్గరున్న 24 మెగాపిక్సెల్ కెమెరా, 55-250 మి.మీ. జూమ్ లెన్స్ జూకి బాగా సరిపోతాయి. నేను ఇక్కడా, విశాఖ జూలోనూ ఏళ్లుగా తీస్తున్నది దాదాపు ఇలాంటి సరంజామాతోనే. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. క్రాప్ అనేది ఇంటికొచ్చాక చేసే మరమ్మతు కాదు. ఫ్రేములో ఏది తీసేయబోతున్నామో కంచె దగ్గర నిలబడినప్పుడే తేల్చుకుని, దానికి తగ్గట్టు చోటు వదిలి తీయాలి. అప్పుడే క్రాప్ పనికొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000×4000 పిక్సెళ్లు. పొడవునా వెడల్పునా సగానికి కోస్తే 3000×2000 మిగులుతుంది, అంటే 6 మెగాపిక్సెళ్లే. సగం కోశామనుకుంటాం గానీ నిజానికి ముప్పాతిక భాగం పోయింది. అయినా ఫోన్‌లో, కంప్యూటర్‌లో చూడటానికి ఆ మిగిలింది చాలు. చూపు పరంగా మీ 250 లెన్స్ 500 లెన్స్ అయినట్టే. కానీ పిక్సెళ్లతో పాటు చెయ్యి వణుకు, ఫోకస్ లోపం, నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) కూడా అంతే పెద్దవవుతాయి. అందుకే క్రాప్ చేసే ఉద్దేశం ఉంటే షట్టర్ వేగం మామూలుగా పెట్టేదానికి రెట్టింపు పెట్టండి. 250 దగ్గర సెకనులో 1/400 వంతు సరిపోతుందనుకునే చోట 1/800 పెడతాను నేను. నడిచే పులికీ, తల విదిలించే ఎలుగుబంటికీ అది ఎలాగూ అవసరమే. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని కంటి మీద పెట్టండి. కన్ను మసకగా వచ్చిన ఫొటోను ఎంత అందంగా కోసినా నిలబడదు.

ఇప్పుడు నా దగ్గరున్న ఒక తెల్లపులి ఫొటో గురించి చెబుతాను. కందకం అవతల పులి ఎడమవైపు నీళ్ల దగ్గరికి నడుస్తోంది, ముందుకాలు గాల్లో ఉంది. ఫ్రేములో పులి మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. పైన పాచి మరకల సిమెంటు గోడ. కుడివైపు చివర ఇనుప తలుపు. ఎడమ కింద మూలలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. ఆ డ్రమ్ము చిన్నదే, కానీ మొత్తం ఫొటోలో అంత ముదురు రంగు ఇంకోటి లేదు కాబట్టి చూపు ముందు అక్కడికే పోతుంది. క్రాప్ మొదలుపెట్టేటప్పుడు నేను జంతువును చూడను, ఇలాంటి అడ్డం వచ్చేవాటిని వెతుకుతాను. కింద నుంచి కొంచెం కోస్తే డ్రమ్ము పోయింది, పాదాల కింద నేల మిగిలింది. పైన గోడను వీపుకి కాస్త ఎత్తులో కోశాను.

చిక్కు తోకతో వచ్చింది. తోక మొత్తం ఉంచాలంటే సగం తలుపు ఉంచాలి. తోకను మధ్యలో కోస్తే చూసేవాళ్లకు అది పొరపాటులాగే కనిపిస్తుంది. ఇలాంటప్పుడు కొంచెం కొంచెంగా కోయడం మానేసి ధైర్యంగా లోపలికి వెళ్లాలి. భుజం వెనకాల కోసి తల, మెడ, ఎత్తిన ముందుకాలు, ముందున్న నీళ్లు మాత్రమే ఉంచాను. నిలువు ఫొటో అయింది, సుమారు 1440×1800. తలుపు పోయింది, వెనక గోడ చాలావరకు పోయింది, పులి నీళ్ల వైపు వెళ్తోందన్న సంగతి మాత్రం ఇంకా బాగా తెలుస్తోంది. మొత్తం పులి ఉన్న ఫొటో కంటే నాకు ఇదే ఎంతో ఇష్టం.

కాళ్ల విషయంలోనూ అంతే. కీలు దగ్గర, అంటే మోకాలి దగ్గరో చీలమండ దగ్గరో కోయకండి, కాలు విరిగినట్టు ఉంటుంది. తొడ మధ్యలో కోస్తే కన్ను ఒప్పుకుంటుంది. చెవి కొన, కొమ్ము కొన పోతే మాత్రం ఎవరూ క్షమించరు, అందుకే తీసేటప్పుడే పైన ఖాళీ వదలండి. జంతువు ఎటు చూస్తుంటే అటువైపు ఎక్కువ చోటు ఉంచాలన్నది అందరూ చెప్పేదే, చాలావరకు నిజమే కూడా.

జంతువును బట్టి ఫ్రేము ఆకారం మార్చుకోవడం మీద మాత్రం మనవాళ్లు తక్కువ శ్రద్ధ పెడతారు. కెమెరా ఇచ్చిన 3:2 నిష్పత్తి (పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు) అలాగే ఉంచేస్తారు. నీటి ఏనుగు నీళ్లలో మునిగి కళ్లు, చెవులు, ముక్కు రంధ్రాలు మాత్రమే పైకి పెట్టినప్పుడు చూడండి. 16:9 లోనో, ఇంకా సన్నగానో అడ్డంగా కోస్తే ఆ మూడు జంటలూ ఒకే వరుసలో వచ్చి ఫొటో ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటుంది. ఏనుగు అయితే మొత్తం శరీరం కోసం పాకులాడక్కర్లేదు. కన్ను, దాని చుట్టూ ముడతలు, పొడవాటి రెప్ప వెంట్రుకలు చాలు. జిరాఫీకి నిలువు ఫ్రేము, ఛాతీ దగ్గర నుంచి పైకి. పక్షి రెక్కలు విప్పినప్పుడు మాత్రం ఏమీ కోయకండి, రెక్క కొనలకు గాలి ఆడనివ్వండి.

క్రాప్ చేయలేనివి కూడా ఉన్నాయి. జంతువు ముఖం మీద పడిన జాలీ నీడ క్రాప్‌తో పోదు. నడినెత్తి ఎండలో కళ్ల కింద పడే నల్ల నీడా పోదు. పైనుంచి కిందికి తీసిన కోణం మారదు, కాబట్టి వీలైన చోట వంగి, జంతువు కంటి ఎత్తుకు కెమెరా తీసుకురండి. జాలీ ఉన్న చోట లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేసి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, జంతువు జాలీకి దూరంగా వెళ్లేదాకా ఆగండి. జాలీ కరిగిపోయినట్టు మాయమవుతుంది. ఎండ పడి మెరుస్తున్న జాలీ మాయం కాదు, నీడలో ఉన్న భాగం వెతుక్కోండి. ఇందుకోసం బారికేడ్ దాటి లోపలికి చెయ్యి చాపే పని ఎప్పుడూ చేయకండి. ఆ కాస్త దూరం మన ప్రాణం కోసమూ, వాటి ప్రశాంతత కోసమూ పెట్టింది. గాజు ఉన్న చోట లెన్స్ హుడ్‌ను (లెన్స్ ముందు తగిలించే గొట్టంలాంటి తొడుగు) అద్దానికి ఆనించండి, ముదురు రంగు చొక్కా వేసుకోండి, ఫ్లాష్ ఆపేయండి. రాత్రి సంచరించే జంతువుల గదిలో ఫ్లాష్ అసలు వద్దు. అక్కడ ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సెట్టింగ్) బాగా పెరిగి నాయిస్ వస్తుంది కాబట్టి ఆ ఫొటోలు లోతైన క్రాప్‌ను తట్టుకోవు కూడా.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. గేటు తీయగానే వెళ్లండి. వెలుతురు మెత్తగా ఉంటుంది, జంతువులు కదులుతుంటాయి, జనం పల్చగా ఉంటారు. నెహ్రూ జూకి సోమవారం సెలవు. కెమెరాకు విడిగా టికెట్ తీసుకోవాలి. 380 ఎకరాలు ఒక్కరోజులో చుట్టేద్దామనుకోకుండా రెండు మూడు ఎన్‌క్లోజర్ల దగ్గర ఓపిగ్గా నిలబడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మీ వెంట వచ్చేవాళ్లు ఫోన్‌తో తీస్తే వాళ్లకో మాట చెప్పండి. తెరను వేళ్లతో లాగి చేసే డిజిటల్ జూమ్ దాదాపుగా క్రాపే, కాకపోతే ముందే కోసేస్తుంది, తర్వాత మార్చుకోవడానికి చోటుండదు. ఫోన్‌లో టెలిఫొటో లెన్స్ (దూరంవాటిని దగ్గరగా చూపేది) ఉంటే అంతవరకు వాడుకుని ఆగి, మిగతాది ఇంట్లో కోసుకోవాలి. స్నాప్‌సీడ్ యాప్‌లో ఇదంతా ఉచితంగానే అవుతుంది. ఒరిజినల్ ఫైలును మాత్రం అలాగే ఉంచి కాపీ మీదే పని చేయండి, ఆరు నెలల తర్వాత అదే ఫొటోలో మీకు వేరే ఫ్రేము కనిపించవచ్చు.

కంచె, గోడ కనబడకుండా కోసిన ఫొటో అడవిలో తీసినట్టు ఉంటుంది. అది తప్పేమీ కాదు. కానీ పోస్ట్ చేసేటప్పుడు జూ పేరు రాయండి. అడవిలో పులి కోసం రోజుల తరబడి ఎదురుచూసే ఫొటోగ్రాఫర్ల కష్టానికి మనం ఇచ్చే కనీస గౌరవం అది.

ఇక మీ ప్రింట్. 12×8 అంగుళాలు మంచి నాణ్యతతో రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 3600×2400 కావాలి. అంటే మీ ఫ్రేములో మూడో వంతుకు కాస్త పైన మిగిలితే చాలు. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసేదైతే 2400×1600 కూడా నడుస్తుంది. నేను చెప్పిన తెల్లపులి ఫొటోను మాత్రం ఆ సైజులో వేయించను, పోస్ట్‌కార్డు సైజుకే సరిపోతుంది. 12×8 అంటే 3:2, కాబట్టి క్రాప్ కూడా 3:2 లోనే చేసి ఇవ్వండి. వేరే ఆకారంలో ఇస్తే ల్యాబ్‌లో వాళ్లే అంచులు కోసేస్తారు, మీరు జాగ్రత్తగా వదిలిన చెవి కొన అక్కడ పోతుంది. ఫైలును వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, కుదరకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.