అమ్మ బీడీలు చేసిందని రాయాలా, వద్దా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. అమ్మ పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చేసింది. నాన్న చాలా ఏళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చినా మిగిలిందేమీ లేదు. ఇల్లు గడిచిందీ, అన్నయ్యా నేనూ చదువుకున్నదీ అమ్మ బీడీలతోనే. పది నెలల క్రితం ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. 56 ఏళ్లు. సంవత్సరీకానికి ఫ్లెక్సీ, ఒక చిన్న పుస్తకం వేయిద్దామన్నాడు అన్నయ్య. నేను రాసిచ్చిన పేజీలో బీడీల మాట మొత్తం కొట్టేసి ‘ఆదర్శ గృహిణి’ అని పెట్టాడు. గొడవైంది, మాటల్లేవు. నాన్న మా ఇద్దరి మధ్యలోకి రారు. నా ఇంజినీరింగ్ ఫీజు కోసం అమ్మ రాత్రి పన్నెండు దాకా కూర్చునేది. నా చదువే ఆమెను తినేసిందనిపిస్తోంది. ఆఫీసులో ఉన్నట్టుండి ఏడుపొస్తుంది. అమ్మ చాట, కత్తెర అటక మీదే ఉన్నాయి. ఆమె చీర ఒకటి ఉతకకుండా కవర్లో దాచుకున్నాను, ఇంకా తంబాకు వాసన వస్తోంది. నాకేమైనా పిచ్చి పడుతోందా?

జవాబు: పిచ్చేమీ లేదమ్మా. పోయినవాళ్ల చీరో, కళ్లద్దాలో, మందుల డబ్బానో దాచుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. కవరు అప్పుడప్పుడు తెరవండి, ఏడుపొస్తే ఏడవండి. ఏదో ఒకరోజు ఆ వాసన పోతుంది. పోయిందని ఆ రోజు మళ్లీ కంగారు పడకండి.

మీ ఫీజు సంగతి. మీరు పుట్టేసరికే మీ అమ్మగారు ఏళ్ల తరబడి చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. గాలాడని గదిలో తంబాకు దుమ్ము, మెడలు వంచి గంటలకు గంటలు కూర్చోవడం, ఎన్ని చేస్తే అంత కూలీ అనే లెక్క, ఇవన్నీ మీ అడ్మిషన్‌కు ఎంతో ముందునుంచే ఉన్నాయి. బీడీ కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది, అయినా ఇంట్లో ఆ గదీ ఆ దుమ్మూ అలాగే ఉన్నాయి. జబ్బు ఎందుకొచ్చిందో డాక్టర్లు చెప్పాలి. మీరు మాత్రం కాలేజీ రసీదులు ముందేసుకుని మీకు మీరే శిక్ష వేసుకుంటున్నారు. రాత్రి పన్నెండు దాకా కూర్చోవాలని నిర్ణయించుకున్నది ఆమె. బిడ్డ చదవాలని ఆమె పట్టుబట్టి చేసిన పనిని ఇప్పుడు మీరు నేరంగా మారుస్తున్నారు. ఆమె వింటే ఒప్పుకుంటుందా?

ఇక అన్నయ్య. ఆయన సిగ్గుపడుతున్నాడని మీరు తేల్చేశారు. నాకు అంత నమ్మకం లేదు. ఆయన మీకన్నా పెద్ద. చేసిన బీడీలు కార్ఖానాకు మోసుకెళ్లింది ఎవరు? బడి నుంచి వచ్చాక మూతులు మడిచింది, కట్టలు కట్టింది ఎవరు? బాగాలేవని తీసి పక్కన పడేసిన బీడీలకు కూలీ రాదు. అమ్మ మాట పడటం పక్కన నిలబడి చూసిన పిల్లవాడు ఆయనే అయ్యుండొచ్చు. 14 ఏళ్లలోపు పిల్లలతో బీడీలు చేయించకూడదని 1986లో చట్టం తెచ్చారు గానీ, సొంతింట్లో ఇంటివాళ్ల సాయంతో జరిగే పనికి మినహాయింపు ఇచ్చారు. మీ అన్నయ్యలాంటి పిల్లలు ఎందరో ఆ మినహాయింపులోనే పెరిగారు. మీకు ఆ పని అమ్మ గొప్పతనం. ఆయనకు అది వేళ్లకు అంటుకుని బడిదాకా వచ్చిన వాసన కావచ్చు. ఇదంతా నా ఊహే, తప్పయినా కావచ్చు. అందుకే ఫ్లెక్సీ సంగతి ఎత్తకుండా ఫోన్ చేసి ఒక్కటే అడగండి, “అన్నా, చిన్నప్పుడు కార్ఖానాకు అమ్మతో నువ్వు పోయేటోనివా?” అని. తర్వాత మీరు మాట్లాడకండి.

మీరు రాసిన పేజీ గురించి కూడా ఒక మాట. అందులో ఏముందో చూడకపోయినా ఉత్తరాన్ని బట్టి ఊహించగలను. కష్టం, త్యాగం, కొవ్వొత్తిలా కరిగిపోవడం. అమ్మల మీద అందరం ఇలాగే రాస్తాం. చదివినవాళ్లకు కళ్లు చెమరుస్తాయి తప్ప మీ అమ్మ కనపడదు. ఆమె చేతులు రాయండి. ఆకు ఎప్పుడు తడిపేది? కొలత రేకు ఆకు మీద పెట్టి కత్తిరించేటప్పుడు ఎంత తక్కువ ఆకు వృథా చేసేది? చిటికెడు తంబాకు చూడకుండానే సరిగ్గా వచ్చేదా? ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. ఆ వెయ్యి ఆమెకు ఎన్ని గంటలకు పూర్తయ్యేది? మీ వాడలో అందరికన్నా వేగం ఎవరిది? మంచి పనిమంతురాలన్న పేరు ఉండే ఉంటుంది, ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది.

ఇవి మీకు తెలియకపోతే అరుగు మీద ఆమె పక్కన కూర్చున్న చిన్నమ్మలను, వదినలను అడగండి. పొద్దంతా చేతులు పనిలో ఉన్నా నోళ్లు ఖాళీయే కదా! ఏ సీరియల్ గురించి కొట్లాడుకున్నారు, చిట్టీ డబ్బులు ఎవరు ఎగ్గొట్టారు, మీ అమ్మ ఎవరిని వెక్కిరించేది? మీకు తెలిసింది రాత్రి పన్నెండింటి అమ్మ. మధ్యాహ్నం మూడింటికి నవ్విన అమ్మ వాళ్ల దగ్గరుంది.

‘గృహిణి’ అనే మాట అబద్ధమేమీ కాదు, సగమే. ఫ్లెక్సీ మీద ఆయనకు నచ్చిందే ఉండనివ్వండి, ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. పుస్తకంలో మాత్రం మీ పేజీ మీ పేరుతో, ఆయన పేజీ ఆయన పేరుతో వేయమనండి. రెండు పేజీల్లో అమ్మ రెండు రకాలుగా ఉంటే నష్టమేమీ లేదు.

ఇంకో పని మర్చిపోయి ఉంటారు. 1977 నుంచి బీడీ కార్మికులకు పీఎఫ్ వర్తిస్తుంది. అమ్మగారి పీఎఫ్ నంబరు, గుర్తింపు కార్డు, బీడీలు రాయించుకున్న బుక్కు వెతకండి. ఖాతాలో డబ్బుంటే నామినీకి వస్తుంది, అర్హత ఉంటే నాన్నగారికి పింఛను కూడా. మరణ ధ్రువీకరణ పత్రంతో పీఎఫ్ ఆఫీసుకు మీరిద్దరూ కలిసి వెళ్లండి. ఏం పని చేసేదని అక్కడ అడుగుతారు. ఆ జవాబు అన్నయ్యనే చెప్పనివ్వండి.

నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతినేంతగా ఏడుపు కొనసాగితే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును గానీ కౌన్సెలర్‌ను గానీ నేరుగా కలవండి. అర్ధరాత్రి మనసు బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అటక మీది చాట మీరొక్కరే దించకండి. అన్నయ్య ఊరికొచ్చే రోజు చూసి దించండి. అమ్మ దారం ముడి ఎలా వేసేదో మీకన్నా ఆయనకే బాగా గుర్తుండొచ్చు.