డీ-పట్టా పొలం నోటరీ కాగితం మీద కొనొచ్చా?

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో మా ఊళ్లో ఒకాయన తన తండ్రికి 1998లో ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాల డీ-పట్టా పొలం అమ్ముతానంటున్నాడు. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తాడట, పొలం వెంటనే అప్పగిస్తాడట. ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి ఇబ్బంది లేదంటున్నాడు. ఈసీలో (ఆ పొలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) కూడా ఏమీ లేదు. కొనమంటారా?

జవాబు: ఈ పద్ధతిలో మాత్రం వద్దండీ. డీ-పట్టా పొలం అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం (1977లో 9వది, జనం నోట పీఓటీ) ప్రకారం అమ్మకమే కాదు, అమ్ముతానన్న అగ్రిమెంటు కూడా బదలాయింపే. ఆ కాగితంతో మీకు హక్కు రాదు. అధికారులు మిమ్మల్ని ఖాళీ చేయించి భూమిని పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వొచ్చు, లేదా ప్రభుత్వానికి తీసుకోవచ్చు. కొన్నవాడికి ఆరు నెలల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. నిషేధం తెలిసే డబ్బిచ్చారు గనక దాన్ని కోర్టు ద్వారా రాబట్టుకోవడం కూడా కష్టమే.

ఈసీ ఖాళీగా ఉందని మురిసిపోకండి. డీ-పట్టా తహసీల్దారు ఇచ్చేది, సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదయ్యేది కాదు. అందుకే అది ఈసీలో కనిపించదు.

ఇక ఇరవై ఏళ్ల మాట. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకునే వెసులుబాటును ఆ చట్టానికి చేసిన 2023 సవరణ అసలు పట్టాదారుకు, అతని వారసులకు ఇచ్చిన మాట నిజమే. అయితే 2024 ఆగస్టులో అలాంటి భూముల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం ఆపి పరిశీలన మొదలుపెట్టింది. కాబట్టి ఆ సర్వే నంబరు, సబ్ డివిజన్‌తో సహా, 22-ఏ నిషేధిత జాబితాలోంచి (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) తొలగిందో లేదో ఇవాళ్టి తేదీకి చూసుకోండి. తొలగి ఉంటే రిజిస్టరు సేల్ డీడే రాయించుకోవచ్చు. అలాంటప్పుడు ఆయనకు నోటరీతో పనేంటి?

కొనేముందు తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంటు రిజిస్టరు నకలు, 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) తీసుకోండి. పట్టా తండ్రి పేరున ఉంది కనుక వారసులందరూ సంతకం పెట్టాలి. ఒక చెల్లెలు మిగిలిపోయినా రేపు దావా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: కొనడం కుదరకపోతే అదే పొలం కౌలుకు చేసుకోవచ్చా? పట్టాదారు దానిమీద బ్యాంకు అప్పు తీసుకోవచ్చా?

జవాబు: కౌలు కూడా ఆ చట్టం దృష్టిలో బదలాయింపే. షెడ్యూల్డు బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టడానికి మినహాయింపు ఉంది, వడ్డీ వ్యాపారికి పెట్టడానికి లేదు. వీలునామా ఈ నిషేధం కిందికి రాదు.