గోడ మూసే ముందు ఒక్క రాత్రి పైపుల్లో నీళ్లు నిలబెట్టండి

మీ కొత్త ఇంటికి నీళ్ల పైపులన్నీ బిగించేశారట, వచ్చే సోమవారం ప్లాస్టరింగ్ అట. ఈలోగా ఏం చూసుకోవాలి, మీ ఇళ్లలో ఏ తప్పులు జరిగాయి అని అడిగారు. ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు కదా, అదే పెద్ద అదృష్టం. మాకు టైల్స్ కూడా వేసేశాకే ఒక్కొక్కటీ తెలిసొచ్చాయి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది గానీ మా ఇళ్లలో మాట ఇప్పటికీ తెలుగే. నాలుగేళ్ల కిందట మేడ మీద రెండు గదులు, ఒక బాత్రూం వేశాం. మా మరిది ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు, చేతిలో పనుంది. "వదినా, మనిద్దరం చేసేద్దాం, కూలీ మిగుల్తాది" అన్నాడు. నేను పైపు పట్టుకోవడం, టెఫ్లాన్ టేపు చుట్టడం, తను కొయ్యడం, అతికించడం. సామాను కొంత మా ఊళ్లో కొన్నాం, కొంత మహేంద్రతనయ నది దాటి ఆంధ్ర వైపున్న పాతపట్నంలో కొన్నాం.

మొదటి తప్పు ఇంట్లో అందరినీ నవ్వించింది. గృహప్రవేశమైన నెలకి, పుష్య మాసం చలిలో, తెల్లారి మా అత్త బాత్రూంలోంచి కేకేసింది. "ఓలమ్మా, ఇలా రాయే, కమోడ్లోంచి పొగొస్తంది!" వెళ్లి చూస్తే నిజమే. ఫ్లష్ ట్యాంకు మూత తీస్తే వేడి నీళ్లు, ఆవిరి కక్కుతున్నాయి. గోడలో వేడి లైనూ చన్నీళ్ల లైనూ పక్కపక్కనే వెళ్తాయి, రెండూ ఒకే మీగడ రంగు పైపులు. ఫ్లష్‌కి టీ (లైనుని రెండుగా చీల్చే ముక్క) వేసినప్పుడు వేడి లైను మీద వేసేశాం. ఆ రోజు మా మావ కాఫీ తాగుతూ తాగుతూ నవ్వి పొలమారిపోయారు. వీధిలో వాళ్లొచ్చి చూసి వెళ్లారు. కానీ ఒక్కసారి ఫ్లష్ నొక్కితే 6 నుంచి 10 లీటర్ల దాకా పోతుంది. మా గీజరు 25 లీటర్లది. మూడుసార్లు నొక్కేసరికి స్నానానికి వేడి నీళ్లు లేవు, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంది.

దానికి టైలు పగలగొట్టక్కర్లేకుండానే దారి దొరికింది. పక్కనే ఉన్న హెల్త్ ఫాసెట్‌కి (కమోడ్ పక్కన చేత్తో పట్టుకునే స్ప్రే) చన్నీళ్లే వస్తున్నాయి. అక్కడ గోడకున్న చిన్న కాక్ (యాంగిల్ కాక్ అంటారు) తీసి రెండు మూతులుండేది బిగించి, రెండో మూతికి ఫ్లష్ గొట్టం తగిలించాం. వేడి నీళ్ల పాయింటుకి ప్లగ్గు కొట్టేశాం. మీ ఇంట్లో ఇది ముందే పట్టుకోవాలంటే ఐదు నిమిషాల పని. ముందు చన్నీళ్ల లైనొక్కటే వదలండి. ఏ ఏ పాయింట్లలోంచి నీళ్లొస్తున్నాయో చూసి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత అది కట్టేసి వేడి లైను వదలండి. ఎడమ వేడి, కుడి చల్లన అన్నది మామూలు పద్ధతి. గీజరు దగ్గర నీలం రంగు గుర్తున్న వైపు చన్నీళ్లు లోపలికి వెళ్లేది, ఎరుపు వైపు వేడి నీళ్లు బయటికొచ్చేది. ఈ రెండూ తారుమారైతే గీజరు ఎంతసేపు వేసినా గోరువెచ్చగానే వస్తాయి.

రెండోది మాత్రం నవ్వొచ్చేది కాదు. మూడు నెలలకి బాత్రూం వెనక పడగ్గది గోడ మీద అరచేయంత చెమ్మ కనిపించింది. పెయింటు బుడగలు లేచి, వేలితో నొక్కితే లోపల సున్నం తడి పిండిలా చేతికంటుకునేది. వారానికి ఆ మచ్చ చేటంత అయింది. వాన నీళ్లేమో అనుకుందాం అంటే అది ఫాల్గుణం.

అప్పుడు మా ఊరికి పని మీద వచ్చిన ఒక ప్లంబరుని పిలిచాం, ఆయనది ఒడిశాలోనే కేంద్రాపడ జిల్లా. ఆ జిల్లాలో పట్టముండై వైపు నుంచి దేశమంతా ప్లంబర్లు వెళ్తారు, ఈ పని నేర్పడానికే అక్కడ ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. ఆయన వచ్చీరాగానే సుత్తి తియ్యలేదు. రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, మోటారు వెయ్యకుండా, ట్యాంకులో ఒక వెదురు పుల్ల నిలబెట్టి నీటి మట్టం దగ్గర గీత గియ్యమన్నాడు. పొద్దున్న చూస్తే నాలుగు వేళ్ల మందం తగ్గింది. మర్నాడు రాత్రి గీజరుకి నీళ్లు వెళ్లే కాక్ కూడా కట్టేసి మళ్లీ చూడమన్నాడు. ఈసారి గీత గీతలాగే ఉంది. అంటే కారేది గీజరు తర్వాతి వేడి లైనులోనే. ఊరికే గోడంతా తవ్వకుండా ఒక్క పుల్లతో చోటు తేల్చినందుకు ఆయన మీద నాకెంతో గౌరవం.

రెండు టైల్స్ తీస్తే ఎల్బో, అంటే పైపుని మలుపు తిప్పే ముక్క, బయటపడింది. ఆయన రెండు వేళ్లతో లాగితే ఊడి చేతిలోకొచ్చింది. పైపు చివర నా చేతిలో పెట్టి చూడమన్నాడు. సగం లోతు వరకే సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) అంటింది, అక్కడ కూడా ప్లాస్టిక్ కరిగి కలిసిన జాడ లేదు, నున్నగా మెరుస్తోంది. బయటి లైనుకి యూపీవీసీ (చన్నీళ్ల మామూలు ప్లాస్టిక్ పైపు), లోపలికి సీపీవీసీ (వేడికి ఓర్చే రకం) వాడాం, రెండింటి సొల్యూషన్ డబ్బాలు పక్కపక్కనే ఉండేవి. వేడి లైను మీద ఆ ఒక్క ఎల్బోకి యూపీవీసీ డబ్బా సొల్యూషన్ రాసేశాం. డబ్బా అందించింది నేనే.

దేని సొల్యూషన్ దానికే, దీంట్లో సర్దుబాటు లేదు. వేడి నీళ్లకి సీపీవీసీయే, 90 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మామూలు పీవీసీ 60కే మెత్తబడిపోతుంది. సైజులు కూడా చూసుకోండి. ముప్పావు అంగుళం సీపీవీసీ బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు, అదే ముప్పావు యూపీవీసీ 26.7. పేరొకటే, ఒకదాన్లో ఒకటి పట్టవు. మేము పాతపట్నం నుంచి తెచ్చిన సగం ఫిటింగులు ఇందుకే వెనక్కిచ్చాం.

ఆయన అతికించడం దగ్గర కూర్చుని చూశాను. పైపు తిన్నగా కోశాడు. కోసిన అంచు మీది పొట్టు బ్లేడుతో గీకేశాడు, ఆ పొట్టుంటే పూసిన సొల్యూషన్‌ని ముందుకు నెట్టేస్తుందట. ఎల్బోలోకి ఎంత దిగాలో పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. సొల్యూషన్ రాసి, గీత దాకా తోసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే అదిమి పట్టుకున్నాడు. మేము పెట్టి వదిలేసేవాళ్లం. అలా వదిలితే పైపు దానంతటదే కొంచెం వెనక్కి జరుగుతుంది.

మేడ మీద కొళాయిలో నీళ్లు దగ్గుతూ దగ్గుతూ వచ్చే బాధ కూడా మాకుండేది. ట్యాంకు నుంచి దిగిన పైపుని దూలం మీంచి ఎత్తి మళ్లీ కిందికి దించాం, ఆ గూనిలో గాలి ఇరుక్కుంది. ట్యాంకు కంటే ఎత్తుగా ఒక గాలి గొట్టం పెడితే తీరింది. షవరు సన్నంగా రావడానికి మాత్రం మందు లేదు. ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే కిలో ప్రెషరు (చదరపు సెంటీమీటరుకి), మా ట్యాంకు షవరుకి మీటరున్నర ఎత్తులోనే ఉంది.

ప్లంబరు వెళ్తూ మా మరిదితో ఒడియాలో అన్న మాట "ఆగ పాణి భర, తాపరే ప్లాస్టర్". ముందు నీళ్లు నింపు, తర్వాతే ప్లాస్టర్. మీరు చెయ్యాల్సింది అదే. చివరి జాయింటు అతికించి ఒక రోజు ఆగండి. పాయింట్లన్నిటికీ ప్లగ్గులు కొట్టించి, నీళ్లు నింపి, గాలి పూర్తిగా పోనిచ్చి, చేతి పంపుతో ప్రెషరు ఎక్కించమనండి. మాకు ఆయన 5 కిలోల దగ్గర ఆపి రాత్రంతా ఉంచాడు. పొద్దున్న పంపు మీటరు ముల్లు అక్కడే ఉండాలి. పంపు లేదంటే అద్దెకైనా తెమ్మనండి, మొహమాటపడకండి. తర్వాత ప్రతి గోడకీ టేపు ఆనించి, కొలతలు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. పైన గీజరుకి మేకు కొట్టే రోజు అవి అక్కరకొస్తాయి.

సోమవారం లోపు ఇవన్నీ అవ్వకపోతే మేస్త్రిని బుధవారం రమ్మనండి. మా పడగ్గది గోడకి రెండోసారి ప్లాస్టరు, పెయింటు, టైల్స్ కలిపి, మా మరిదీ నేనూ మిగిల్చామనుకున్న కూలీకి రెట్టింపయింది.