వంకర సరిచేస్తే ఫొటో మసకబారుతోంది

ప్రశ్న: పాత పెళ్లి ఫొటోలు స్కాన్ చేసి, జింప్‌లో (ఫొటోలు సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) కొంచెం కొంచెంగా తిప్పుతూ వంకర సరిచేస్తున్నాను. ముఖాలు మసకబారుతున్నాయి, మూలల్లో ఖాళీలు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మసకకు కారణం ఆ కొంచెం కొంచెంగా తిప్పడమేనండీ. 90, 180 డిగ్రీలు తిప్పితే పిక్సెళ్ల (ఫొటోలోని చిన్న చుక్కల) చోటు మాత్రమే మారుతుంది. 1.3 డిగ్రీల లాంటి కోణమైతే ప్రతి పిక్సెల్‌నూ పక్కవాటితో కలిపి కొత్తగా లెక్కగట్టాలి. ఎన్నిసార్లు తిప్పితే అంత పదును పోతుంది. కోణం కుదరకపోతే దానిమీదే మళ్లీ తిప్పకండి. కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వచ్చి, సరైన కోణంలో ఒక్కసారే తిప్పండి.

కోణాన్ని ఊహించే పని కూడా లేదు. జింప్ 2.10లో మెజర్ టూల్‌కే స్ట్రెయిటెన్ బటన్ ఉంది. నిటారుగా ఉండాల్సిన గీత వెంట లాగి, ఆ బటన్ నొక్కితే చాలు. ఏ గీత ఎంచుకుంటారన్నదే అసలు సంగతి. కాగితం అంచును నమ్మకండి. పాత ప్రింట్లలో తెల్ల అంచుకూ బొమ్మకూ పొంతన కుదరకపోవచ్చు. ఫొటో మధ్యలో ఉన్న గుమ్మమో గోడ మూలో తీసుకోండి. పక్కల ఉండే స్తంభాలు, కెమెరాను పైకో కిందికో వంచి తీసినప్పుడు వాలినట్టే పడతాయి.

మూలల ఖాళీలు క్రాప్‌తో (అంచులు కత్తిరించడంతో) పోతాయి, అందుకే తిప్పాకే క్రాప్ చేయాలి. 4×6 అంగుళాల ప్రింటుకు క్రాప్ టూల్‌లోని ఫిక్స్‌డ్ ఆప్షన్‌లో 6:4 ఇవ్వండి. 1800×1200 పిక్సెళ్లు మిగిలితే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వస్తుంది. ఎవరి తలో తెగేలా ఉంటే నిష్పత్తిని వదిలేయండి, మనుషులే ముఖ్యం. అసలు స్కాన్‌ను టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) విడిగా దాచి, సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గే జేపెగ్‌గా చివర్లో ఒక్కసారే ఎక్స్‌పోర్ట్ చేయండి.