జీతం లేని కొలువని ఇంట్లో దెప్పుతున్నారు

ప్రశ్న: హనుమకొండలో ఒక ఆఫీసులో క్లర్కును. ఆదివారం పూజ అయ్యాక మా విచారణలో (పారిష్‌లో) ఏడెనిమిదేళ్ల పిల్లలకు సత్యోపదేశం, అంటే క్యాథలిక్ మత పాఠాలు చెబుతాను. ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టిస్తుంటే ఒకటే అల్లరి. సగం మంది రానే రారు. తల్లిదండ్రులు గేటు దగ్గర దించేసి పోతారు. మా ఆయనేమో ‘ఉన్న ఒక్క సెలవు చర్చికే పాయె, జీతం లేని కొలువు నీకెందుకు?’ అంటారు. మానేస్తే దేవునికి ద్రోహం చేసినట్టు ఉంటుంది. ఏం చేయను?

జవాబు: ముందు మీవారి సంగతి. ఆ మాటలో వెటకారం ఉన్నా అన్యాయం లేదు. ఆరు రోజులు ఆఫీసు, ఏడో రోజు మధ్యాహ్నం దాకా చర్చి అయితే ఇంటికి మిగిలేదేముంది? ఆయనకు కావలసింది మీతో ఒక పూట కావచ్చు, అడిగి చూడండి. విచారణ గురువుగారితో (ఫాదర్‌తో) మాట్లాడి ఇంకొకరిని తోడు తెచ్చుకోండి, వారం విడిచి వారం వెళ్లండి. శిక్షణ కూడా అడగండి. మొహమాటం వద్దు. మీలాంటి ఉపదేశకులను సరిగ్గా తయారుచేసే బాధ్యత మేత్రాణులదేనని (బిషప్పులదేనని) శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం 780వ అధికరణంలో ఉంది. పోప్ ఫ్రాన్సిస్ 2021 మే 10న ఉపదేశక సేవను శ్రీసభలో ఒక పరిచర్యగా నెలకొల్పారు కూడా. కొలువన్నందుకు మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇక తరగతి. వారమంతా బడిలో బట్టీ పట్టిన పిల్లలు ఆదివారం కూడా అదే అంటే అల్లరి చేయక ఏం చేస్తారు? (నేనైనా చేస్తాను.) జనం వెళ్లిపోయాక వాళ్లను గుడిలోకే తీసుకెళ్లండి. దివ్యసత్ప్రసాద మందసం (పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని ఉంచే పెట్టె) దగ్గర దీపం ఎందుకు ఎప్పుడూ వెలుగుతుందో మీరు చెప్పకండి, వాళ్లనే అడగండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసే చోట గురువు ఎక్కడ కూర్చుంటారో, తాము ఎక్కడ మోకరించాలో ఒక్కొక్కరినీ చూడనివ్వండి. జాలీలోంచి తొంగిచూసి నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (ఆ అప్పాన్ని మొదటిసారి స్వీకరించడానికి) ముందు పిల్లలకుండే బెదురు అక్కడే సగం పోతుంది. కాజీపేట ఫాతిమా కెథడ్రల్ మీకు దగ్గరే కదా, ఒక వారం అక్కడికి నడిపించండి. 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మను చూసిన జసింతకు అప్పుడు ఏడేళ్లు, వీళ్ల ఈడే. ఆ ఒక్క ముక్క చాలు, చెవులప్పగించి వింటారు.

తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. బిడ్డకు విశ్వాసం నేర్పే మొదటి బాధ్యత వాళ్లదే, కానీ చాలామందికి తమకే సరిగ్గా రాదని లోలోపల సిగ్గు. నెలకోసారి ఆఖరి పది నిమిషాలు పిల్లల పక్కన కూర్చోబెట్టి జపమాలలో ఒక పదిజపం చెప్పించండి.

మానేయడం ద్రోహమేమీ కాదు. కానీ నడిమిట్ల వదలకండి. ఈ పిల్లల ప్రథమ దివ్యసత్ప్రసాదం అయ్యేదాకా ఉండి, అప్పటికీ మనసు ఒప్పకపోతే కొత్త తరగతులు మొదలయ్యేలోగా గురువుగారికి చెప్పేయండి.